అంగోనీ బావ చెప్పిన నిజం

గత వారం మలామాని మనం సెరెంజె దాటాక, రోడ్డు పక్కన, ఖాళీ ట్రెయిలరు ముందు నిలబెట్టి వదిలాం. టార్పాలిన్ నిలువునా కోసేసి ఉంది. గొలుసులు గడ్డిలో పడి ఉన్నాయి. చింగోలా గనిలో ఎక్కించిన రాగి పలకల్లో ఒక్కటి మిగల్లేదు. లారీ తోలుతున్న జేరే కూడా లేడు.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం ఒక ముక్క. మలామాకి సొంత లారీలు రెండే. గని నుంచి సరిహద్దు దాకా రాగి మోసే పని బ్రాంట్‌వెల్ అనే పెద్ద కంపెనీది. వాళ్ళ కింద సబ్‌కాంట్రాక్టు కావాలంటే ఐదు లారీలు చూపించమన్నారు. మలామా ముగ్గురు చిన్న ఓనర్లని కూడగట్టి, వాళ్ళ లారీల తలుపుల మీద తన కంపెనీ స్టిక్కర్లు అంటించి, ఐదూ నావే అని సంతకం పెట్టింది. తీసుకున్న పనిని మళ్ళీ ఇంకొకరికి అప్పజెప్పకూడదని ఒప్పందంలో ఉంది. అయినా అప్పజెప్పనివాళ్ళు జాంబియా రాగి గనుల ప్రాంతం కాపర్‌బెల్టులో లేరు. బయటపడనంతకాలం ఎవరూ అడగరు. ఇప్పుడు ఖాళీగా దొరికిన లారీ ఆ మూడింట్లో ఒకటి. దాన్ని తోలేది జేరే, దాని ఓనరూ జేరేనే.

పోలీసుల దగ్గరికి వెళ్తే ఆ గుట్టు రట్టవుతుంది. వెళ్ళకపోతే దొంగ తనే అవుతుంది. రాత్రంతా మలామా ట్రెయిలరు చుట్టూ తిరుగుతూనే ఉంది.

తెల్లారేసరికి బ్రాంట్‌వెల్ మేనేజరు స్టెయిన్ కిట్వే నుంచి సెరెంజె గెస్ట్‌హౌస్‌కి వచ్చేశాడు. జొహానెస్‌బర్గ్ నుంచి ఈ మధ్యే బదిలీ అయి వచ్చిన మనిషి. గొంతు పెంచడు. బల్ల మీద ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. పక్కన కంపెనీ సెక్యూరిటీ అధికారి ముబిటా నిలబడి ఉన్నాడు.

"ఇది మా యార్డు గేటు. లారీ బయల్దేరిన రోజు," అన్నాడు స్టెయిన్.

ఆ కెమెరాకి మాటలు కూడా పడతాయని మలామాకి అప్పటిదాకా తెలియదు. తెర మీద జేరే లారీ మెట్టు మీద నిలబడి చేతులూపుతున్నాడు. అతని పక్కనే ముబిటా. ఎదురుగా తను.

"మరదలా, ఈ సరుకు సరిహద్దు చేరదు. సెరెంజె దాటాక దింపేసి అమ్మేస్తున్నా. ఆ డబ్బుతో మా ఊరందరికీ ఎలకలు వేయించి పెడతా."

తెర మీది మలామా నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది. "అమ్ముకో బావా. నీ మొహం చూసి ఎవడు కొంటాడో నేనూ చూస్తా. సగం వాటా మాత్రం నాకు పంపు. మీ అంగోనీలకి లెక్కలు రావు కదా."

గేటు దగ్గర అందరూ ఘొల్లుమన్నారు. అందరికంటే పెద్దగా నవ్వినవాడు ముబిటా.

స్టెయిన్ వీడియో ఆపాడు. "మా ఆఫీసులో తర్జుమా చేయించాను. ఇందులో నవ్వడానికి ఏముందో వాళ్ళూ సరిగా చెప్పలేకపోయారు."

"అది వరస సార్," అంది మలామా. "నేను బెంబా తెగ. అతను అంగోనీ తెగ. మా తాతలూ వాళ్ళ తాతలూ కొట్టుకున్నారు. ఇప్పుడు మేం కొట్టుకోం, కనిపించినప్పుడల్లా తిట్టుకుంటాం. వాళ్ళని మేం ఎలకలు తినేవాళ్ళంటాం, మమ్మల్ని వాళ్ళు కోతుల్ని తినేవాళ్ళంటారు. నేను దొంగనంటే అతనికి కోపం రాకూడదు. అతను నన్నంటే నాకూ రాకూడదు. వస్తే తప్పు మాదే."

"సెరెంజె దాటాక అన్నాడు. సెరెంజె దాటాకే లారీ ఆగింది."

"ఏదో నోటికొచ్చిన ఊరు..." మలామా మాట ఆపి, తెర మీద నిలిచిపోయిన జేరే మొహం వైపు చూసింది.

ముబిటా కల్పించుకున్నాడు. "జాంబియాలో ఇది మామూలే సార్. నేను అక్కడే ఉన్నాగా, వట్టి వేళాకోళం. బా మలామా నిజాయితీ గల మనిషి. ఆ డ్రైవరే మోసం చేశాడు. వాణ్ణి నేను వెతికిస్తా. ఆవిడ కూడా వస్తే పని తేలిక, వాడి మొహం, వాడి వాళ్ళు ఆవిడకి తెలుసు."

తన పేరు ముందు 'బా' అని మర్యాదగా చేర్చి పిలిచిన ఒక్క మనిషి ఆ గదిలో అతనే. మలామాకి కళ్ళు చెమ్మగిల్లినంత పనైంది.

"ఇవాళ సాయంత్రందాకా చూస్తాను," అన్నాడు స్టెయిన్. "డ్రైవరైనా దొరకాలి, రాగైనా దొరకాలి. అందాకా మీ లారీలు మా యార్డు దాటవు. ఆ తర్వాత ఈ వీడియో పోలీసులకి వెళ్తుంది. సగం వాటా అడిగింది మీరే మరి."

*

ముబిటా పికప్ ఉత్తరంగా పరుగెత్తుతోంది. మలామా కాసేపు సీటు బెల్టు తీసింది, కాసేపు పెట్టుకుంది. మిగతా ఇద్దరు ఓనర్లూ మార్చి మార్చి ఫోన్ చేస్తున్నారు. ఎత్తి ఏం చెప్పాలి? మీ లారీలు నా పేరు మీద చిక్కుపడ్డాయని చెప్పాలా? తన రెండు లారీలతో తను సుఖంగానే ఉండేది. సిమెంటు మోసేది, మొక్కజొన్న మోసేది. మూడో లారీ కొనడానికి బ్యాంకు మొహం చాటేస్తే, కొనకుండానే ఎదిగే దారి ఇదని తనే అందరికీ నచ్చజెప్పింది. జేరేకి అయితే ఇంటికి వెళ్ళి మరీ చెప్పింది.

"తినండి," ముబిటా కాల్చిన మొక్కజొన్న పొత్తు అందించాడు. "దిగులు పడితే దొంగ దొరుకుతాడా?"

"వాడు దొంగ కాదు."

"మరి లారీ వదిలేసి ఎందుకు పారిపోయాడు?"

పొత్తు చేతిలోనే చల్లారిపోయింది.

లారీల బరువు తూచే ఎంపికా వేబ్రిడ్జి దగ్గర లారీలు బారులు తీరి ఉన్నాయి. మలామా దిగి ఫోన్లో జేరే ఫోటో చూపిస్తూ ఒక్కొక్క డ్రైవరునీ అడిగింది. ఎవరూ చూడలేదన్నారు. ఆయిల్ ట్యాంకరు తోలే లావుపాటి మనిషి ఒకడు మాత్రం ఫోటో చూడకుండానే నవ్వడం మొదలుపెట్టాడు.

"అంగోనీయా అమ్మా? రైల్వే కాలనీలో ఒక చావింట్లో ఒకడున్నాడు చూడు. ముసలి ఫిట్టరు పోయాడు, బా చిసంగా అని. మేమంతా బెంబాలం కదా, ఏడుస్తూ కూర్చున్నాం. వీడెక్కడి నుంచి ఊడిపడ్డాడో, నిన్నటి నుంచి చచ్చిపోయినాయన హెల్మెట్టు పెట్టుకుని, ఆయన గొంతుతో ఆయన పెళ్ళాన్నే టీ అడుగుతున్నాడు. ఆ ముసలమ్మ ఏడుస్తూ నవ్వుతోంది, నవ్వుతూ ఏడుస్తోంది."

మలామా వెనక్కి తిరిగింది. ముబిటా అక్కడే ఉన్నాడు. అంతా విన్నాడు.

"తెలివైనవాడే," అన్నాడతను మెల్లగా. "చావింట్లో నవ్వించడం వరసవాడి హక్కు, వాడి మీద చెయ్యెవడు వేస్తాడు?"

*

కాలనీలో ఆ ఇల్లు వెతుక్కోనక్కర్లేకపోయింది. ఇంటి ముందు మొద్దులు కాలుతున్నాయి. మగవాళ్ళు వాటి చుట్టూ స్టూళ్ళ మీద, రాళ్ళ మీద కూర్చున్నారు. పక్కన పెద్ద పెద్ద కుండల్లో న్షీమా, మొక్కజొన్న సంకటి, ఉడుకుతోంది. లోపలి నుంచి ఆడవాళ్ళ ఏడుపు అలలు అలలుగా వస్తోంది, మధ్యలో నవ్వు తెరలు.

జేరే కుండల దగ్గర ఉన్నాడు. నెత్తిన పసుపు హెల్మెట్టు, ప్యాంటు మీద ముసలావిడ గుడ్డ చుట్టుకున్నాడు, చేతిలో న్షీమా కలిపే చెక్క తెడ్డు. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. మలామాని చూశాడు. ఆమె వెనకే వస్తున్న ముబిటాని చూశాడు. తెడ్డు గాల్లో ఒక్క క్షణం ఆగింది.

తర్వాత గొంతు చించుకున్నాడు. "ఆగండాగండి. కోతుల్ని తినేవాళ్ళు సరిపోలేదని ఇంకో దాన్ని తోలుకొచ్చారు. ఏమమ్మా, ఏడవడానికొచ్చావా, తినడానికొచ్చావా?"

మలామాకి అతని చొక్కా పట్టుకుని ఊపేయాలని ఉంది. నా లారీలేవి, నా పేరేది అని అడగాలని ఉంది. కానీ అది చావిల్లు. ఆమె బెంబా, అతను అంగోనీ. నలభై మంది చూస్తున్నారు.

"నీ తెడ్డు చూసే ఏడుపొస్తోంది బావా," అంది. "అందులోంచి ఎలక తోక బయటికి రాకపోతే అదే పదివేలు."

నవ్వులు. ఎవరో చప్పట్లు కొట్టారు. జేరే వచ్చి ఆమె మణికట్టు పట్టుకుని లాక్కెళ్ళి బోర్లించిన రోలు మీద కూర్చోబెట్టాడు. పొయ్యిలోంచి బూడిద తీసి నుదుటి మీద అడ్డంగా పూశాడు.

"కోర్టు మొదలు. నేను జడ్జీని, చచ్చిన చిసంగాని. చచ్చినవాడు అబద్ధం చెప్పడు. ఈవిడ రాగి పోయిందట. ఎవరు తీశారు?" తెడ్డుతో తన గుండె మీద కొట్టుకున్నాడు. "నేనే. గేటు దగ్గరే చెప్పా కదమ్మా, అమ్మేస్తున్నానని. అంగోనీలం చెప్పి మరీ దొంగతనం చేస్తాం. మీలా కాదు."

"బాగా చెప్పాడు," అరిచాడు ఎవరో ముసలాయన.

"అంత సరుకు ఒక్కణ్ణే మోయగలనా? మోయలేను. ఇదిగో ఈ దొరగారు సాయం పట్టారు." తెడ్డు ముబిటా వైపు తిరిగింది. "మనుషుల్ని తెచ్చాడు, బళ్ళు తెచ్చాడు. సెరెంజె దాటాక లారీ ఆపకపోతే లారీతో పాటు నన్నూ తగలబెడతానని బయల్దేరకముందే చెప్పాడు. మా ఇల్లెక్కడో, నా పెళ్ళాం ఏ సందులో కూరలమ్ముతుందో కూడా చెప్పాడు. ఇంత మర్యాదగా అడిగితే కాదనడానికి నాకు నోరెలా వస్తుంది?"

ముంగిలంతా పగలబడి నవ్వింది. కుండల దగ్గర ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ముబిటా కూడా నవ్వాడు. ఆ నవ్వు అందరికంటే కాస్త ఆలస్యంగా మొదలైంది, కాస్త ముందే ఆగిపోయింది.

మలామా నోరు కూడా అలవాటుగా తెరుచుకుంది. నవ్వు సగంలో నిలిచిపోయింది.

గేటు దగ్గర జేరే ఊరి పేరుతో సహా చెప్పాడు. పక్కన ముబిటా నిలబడి ఉండగా చెప్పాడు. మామూలుగా చెప్తే ప్రాణం పోయే మాటని, చెప్పడానికి వీలున్న ఒకే ఒక్క తీరులో చెప్పాడు. బెంబా ఆడమనిషి అంగోనీ మాటకి ఏం చేస్తుందో తనూ అదే చేసింది. నవ్వి, సగం వాటా అడిగింది. ఆ మాటని ఉన్నది ఉన్నట్టుగా విన్నది ఒక్కడే. ఈ వరసలేవీ తెలియని స్టెయిన్.

ముబిటా చూపు తన మొహం మీదే ఉందని ఆమెకి తెలుస్తోంది. నవ్వాలి. ఇప్పుడు నవ్వకపోతే జేరే ఇక్కడి నుంచి ప్రాణాలతో పోడు.

ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "అంత రాగి ఎక్కడ దాచావు బావా? మీ ఎలక బొక్కల్లో పట్టదు కదా."

"బొగ్గు బస్తాల కింద," అన్నాడు జేరే వెంటనే, ఊళ్ళోవాళ్ళ వైపు తిరిగి దణ్ణం పెడుతూ. "బెంబాలకి బొగ్గు బస్తా కనిపిస్తే బేరమాడతారు గాని కిందేముందో చూస్తారా? రైలు పట్టాలకి కంకర తవ్విన పాత క్వారీ ఉందే, అక్కడ. నాతోనే దింపించారు, చీకట్లో నేను జారుకున్నా. దొరగారి బళ్ళు చీకటి పడ్డాక కదులుతాయట. కావాలంటే ఆయన్నే అడుగు, నన్నెందుకు నమ్ముతావ్?"

మళ్ళీ నవ్వులు. ఆ సందడిలో అతను ఇంకొంచెం బూడిద పూయడానికన్నట్టు వంగాడు. చెవి దగ్గర మాట గాలిలా తగిలింది.

"ఇప్పుడైనా విన్నావా, బా మలామా?"

పరిచయమైన రోజు నుంచీ అతను ఆమెని మరదలా అనే పిలిచాడు. పేరుతో పిలవడం, దానికి ముందు మర్యాద తగిలించడం ఇదే మొదలు.

*

లోపలి నుంచి శవం పెట్టె బయటికొచ్చింది. ఏడుపు ఒక్కసారిగా లేచింది. జనం కదిలారు. ముబిటా వచ్చి మలామా పక్కన నడవడం మొదలుపెట్టాడు.

"నవ్వించి చంపుతున్నాడు కదూ?"

"వాడి నోటికి అదుపు లేదు," అంది మలామా. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"మట్టి చేసేదాకా ఆగుదాం. చావింటి మర్యాద చెడగొట్టకూడదు. తర్వాత వాణ్ణి నా బండిలో ఎక్కించుకుంటా. మీరు ఇక్కడే ఉండి భోంచేసి రండి, మీకు వేరే బండి పంపిస్తా."

ఆమె తలూపింది.

శ్మశానం పట్టాలకి అవతల, చెట్లు నరికిన మెరక మీద ఉంది. పెట్టె దింపబోతుంటే జేరే పరుగెత్తుకొచ్చి గోతిలోకి దూకాడు. వెల్లకిలా పడుకుని హెల్మెట్టు మొహం మీదికి లాక్కున్నాడు.

"ఇది నా మంచం. చిసంగాని వేరే చోట పడుకోమనండి."

జనానికి ఇది తెలిసిన తంతే. వరసవాడు గోతిలో దిగితే చేతిలో ఏదో ఒకటి పెట్టి బతిమాలి లేపాలి, లాగకూడదు. చిల్లర వేశారు. జేరే ఏరి పైకి విసిరేశాడు. కోడి కావాలన్నాడు. కోడి కోసం ఒకడు కాలనీ వైపు పరుగెత్తాడు. నల్లకోడి కావాలని జేరే వెనక నుంచి అరిచాడు, తెల్లదైతే లేవనన్నాడు. కొందరు విసుక్కున్నారు, కొందరు నవ్వారు. అరుస్తూనే అతను హెల్మెట్టు అంచు కింద నుంచి మలామా వైపు ఒక్కసారి చూశాడు.

గోతిలో ఉన్నంతసేపే అతనికి రక్ష. అంతసేపే తనకి టైము.

కడుపులో తిప్పుతోందని పక్కావిడతో చెప్పి మలామా జనంలోంచి వెనక్కి తగ్గింది. నిలువెత్తు చీమల పుట్ట చాటుకి చేరాక ఫోన్ తీసింది. స్టెయిన్‌కి చెప్తే క్వారీ సంగతి చెప్పాలి. క్వారీ సంగతి నమ్మాలంటే జేరే ఎవరో చెప్పాలి. చెప్తే కాంట్రాక్టు పోతుంది, యార్డులో ఉన్న లారీలూ పోవచ్చు. ఆ మూడు కుటుంబాలకీ తనే జవాబుదారీ. వేలు నంబరు మీద ఆగింది.

గోతిలోంచి జేరే పాట ఎత్తుకున్నాడు. గొంతు బొంగురుపోయి ఉంది.

మలామా నంబరు నొక్కింది.

"మిస్టర్ స్టెయిన్, గేటు దగ్గర మీరు విన్నది నిజమే. నేనే తప్పుగా విన్నాను. అది వేళాకోళం కాదు."

మలామా పుట్టకి ఇంకా దగ్గరగా జరిగి గొంతు తగ్గించింది.

"ఆ లారీ నాది కాదు. జేరేది. ఐదింట్లో మూడు నావి కావు. సంతకం మాత్రం నాది. అలాంటి లారీ పోతే ఫిర్యాదు చేసేవాడు ఉండడని తెలిసినవాడే దాన్ని ఎంచుకున్నాడు."

"ఈ మాటతో మీ కాంట్రాక్టు రద్దయినట్టే. అర్థమవుతోందా?"

"అవుతోంది. ఎంపికా దగ్గర పాత రైల్వే క్వారీ ఉంది. మీ రాగి అక్కడ బొగ్గు బస్తాల కింద ఉంది. పోలీసుల్ని పంపండి. మీ సెక్యూరిటీ వాళ్ళని మాత్రం పంపకండి."

"ఎందుకు?"

"దొంగ ముబిటానే కాబట్టి."

"ఇదంతా మీకెవరు చెప్పారు?"

"జేరే చెప్పాడు. ఇప్పుడే."

"మిసెస్ మలామా." ఎప్పుడూ మారని ఆ గొంతు మొదటిసారి తడబడింది. "మధ్యాహ్నం ముబిటా నాకు ఫోన్ చేశాడు. సెరెంజె అవతల పొదల్లో మీ డ్రైవరు శవం దొరికిందన్నాడు. గుర్తుపట్టింది తనేనన్నాడు. అతను పంపిన రిపోర్టు నా ముందే ఉంది. జేరే చనిపోయాడు."

మలామా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని పుట్ట చాటు నుంచి తొంగి చూసింది.

కోడి దొరికినట్టుంది. జనమంతా కాలనీ దారి వైపు తిరిగి, దాన్ని తెస్తున్నవాడికి కేకలు పెడుతున్నారు. గోతి దగ్గర ఒక్కడే మిగిలాడు. కోటు విప్పి మట్టి గుట్ట మీద పరిచాడు, చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు, పార అందుకున్నాడు. అది వరసవాళ్ళు చేసే పని, ఈయనకెందుకని అడిగేవాళ్ళు దగ్గర్లో లేరు. ముబిటా గోతి అంచు మీద కాలు పెట్టి లోపలికి వంగి చూస్తున్నాడు.

లోపల జేరే, మొహం మీద హెల్మెట్టుతో, ఇంకా పాడుతూనే ఉన్నాడు.